గొంతును నిద్రలేపిన బాబాయ్

"పెద్ద పనేమీ కాదులేవయ్యా, ఒక్క లైను కొట్టానంతే" అన్నాడు సిస్టమ్ బాబాయ్, టీ మీద మీగడ ఊదుకుంటూ.

మా బస్టాండ్ ఎదురుగా ఉన్న టీ కొట్టులో, రోడ్డువైపు బల్ల మీద ముగ్గురం కూర్చుని ఉన్నాం. బాబాయ్ బస్టాండ్‌లో కంప్యూటర్లు చూస్తాడు. నేను ఆయన గది పక్కనే పార్సిల్ కౌంటర్‌లో రసీదులు రాస్తాను. మూడో ఆయన దూరం బస్సులు నడిపే డ్రైవరన్న. పోయిన గురువారం గాలివాన వచ్చినప్పుడు ఆయన ఊళ్ళో లేడు, ఈ పొద్దున్నే బండి దిగాడు. అంటే ఆ రోజు సంగతులు ఇంకా వినని చెవులు ఆయనవే. అలాంటి చెవులు దొరికితే బాబాయ్‌కి టీ చల్లారిపోయినా పట్టదు.

"ఏం లైను?" అన్నాడు డ్రైవరన్న.

"కమాండు. గురువారం మూడింటికి కరెంటు పోయిందా, ఐదింటికి వచ్చింది. కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే ఆన్ అయింది. కానీ లోపల సర్వీసు లేవలేదు."

"ఏ సర్వీసు? ఐదుంబావుదా?"

"నీ సర్వీసు కాదయ్యా, అది కంప్యూటర్ లోపలి సర్వీసు. నీకు అర్థమయ్యేట్టు చెప్తా విను. కంప్యూటర్ అంటే ఒక ఇల్లనుకో. కరెంటొచ్చింది, ఇంట్లో లైట్లు వెలిగాయి. అంతమాత్రాన ఇంట్లో పడుకున్నవాళ్ళంతా లేచినట్టా? కొందరు లైటు పడగానే లేస్తారు, కొందర్ని వెళ్ళి తట్టి లేపాలి. ఎవరు తమంతట తాము లేస్తారో, ఎవర్ని లేపాలో లోపల ఒక పట్టీ ఉంటుంది. ఫలానావాడు లేస్తాడా అని మనం ఒక లైను కొట్టి అడిగామనుకో, లేచే రకమైతే ఎనేబుల్డ్ అంటుంది, లేపాల్సిన రకమైతే డిసేబుల్డ్ అంటుంది. అంతే. బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే అడగాలని తట్టాలి కదా, ఆ తట్టడానికే పదహారేళ్ళు పట్టింది నాకు."

"మరి గురువారం లేవనివాడెవడు?"

బాబాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇంకెవడు. మా తోడల్లుడి గొంతు."

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పే గొంతు అది. బాబాయ్ భార్యకి చెల్లెలుంది, ఆవిడ భర్తది. ఆయన మా దగ్గరే టికెట్ కౌంటర్‌లో పనిచేస్తాడు. పోయినేడు స్టాఫ్ అందరి గొంతులూ రికార్డు చేసి విన్నాక మేనేజరు ఆయన గొంతే కావాలన్నారు. కంప్యూటర్‌లో ఆ రికార్డు వినిపించే సర్వీసుకి 'పిలుపు' అని పేరు పెట్టారు. అప్పట్నుంచీ ఆయన మాకు గొంతుగారు అయిపోయాడు. బాబాయ్ కూడా ఆ రోజు తన గొంతు రికార్డు చేయించుకున్నాడు. ఆ సంగతి మా దగ్గర ఎవరూ ఎత్తరు.

"నాకేం అసూయ లేదు" అన్నాడు బాబాయ్, ఎవరూ అడక్కుండానే. "అది ముందే చెప్పేస్తున్నా. నేననేదల్లా ఒకటే, ఏముందయ్యా ఆ గొంతులో? రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుంటుంది. మా అత్తగారు ఆ గొంతంటే చెవి కోసుకుంటుంది. నెలకోసారి మా ఇంటికి వస్తుంది కదా, బస్సు దిగి తిన్నగా ఇంటికి రాదు. బెంచీ మీద కూర్చుని అరగంట వింటుంది. చిన్నల్లుడు 'నాలుగో నంబరు ప్లాట్‌ఫారం' అంటుంటే ఈవిడ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటుంది. నాలుగో నంబరు ప్లాట్‌ఫారంలో ఏడవడానికి ఏముందయ్యా? పదహారేళ్ళ నుంచి ఆవిడ ఫోను బాగుచేసింది నేను, టీవీ సరిచేసింది నేను, కరెంటు బిల్లు కట్టే పద్ధతి నేర్పింది నేను. ఒక్కసారి కన్ను తడిసిన పాపాన పోలేదు. అత్తగారి సంగతి సరే, పెద్దావిడ. మా ఆవిడకేమొచ్చింది? వంటింట్లోంచి నన్ను భోజనానికి పిలవడం కూడా ఆ రాగంలోనే. ప్రయాణికులకు విజ్ఞప్తి, అన్నం వడ్డించడమైనది. నేను తింటున్నది అన్నమో టికెట్టో తెలీదు."

పొయ్యి దగ్గర్నుంచి కొట్టు నడిపే అక్క నవ్వింది. ఆవిడ ఆ కొట్టులో పన్నెండేళ్ళుగా ఉంది. బస్టాండ్‌లో చీమ చిటుక్కుమన్నా ఆవిడకి వినపడుతుంది.

"గురువారం సంగతి చెప్పు బాబాయ్" అన్నాడు డ్రైవరన్న.

"చెప్తున్నా కదా. ఇంట్లో ఉన్నాను. ఫోను మోగింది. మేనేజరు. నేను తియ్యలేదు. మొదటి ఫోనుకే పరిగెత్తితే మనకి విలువుండదు. మళ్ళీ మోగింది, మళ్ళీ తియ్యలేదు. నాలుగోసారి తీశా. 'కరెంటొచ్చింది, గొంతు రాలేదు, బస్టాండ్ అల్లకల్లోలంగా ఉంది, నువ్వు వస్తే తప్ప లాభంలేదు' అన్నారు. చొక్కా తగిలించుకుని స్కూటర్ తీశా. వీధిలో చీలమండ లోతు నీళ్ళు."

"చీలమండేనా?" అంది అక్క.

"మా గుమ్మం దగ్గర చీలమండ. మలుపు తిరిగాక మోకాలు. పోస్టాఫీసు దాటేసరికి నడుము. అక్కడ్నుంచి స్కూటర్ చక్రాలు నేలకి ఆనితే ఒట్టు. అదే ఈదుకుంటూ పోతోంది, నేను హ్యాండిల్ తిప్పుతున్నా, అంతే. మధ్యలో ఒక కారు కొట్టుకుపోతుంటే దానికి సైడిచ్చా, వెనక ఇంకొకడు హారన్ కొడితే వాడికీ ఇచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్టాండ్ గేటు దగ్గరకొచ్చి చూద్దును కదా, లోపల నలభై బస్సులు."

"మన బస్టాండ్‌లో పద్దెనిమిదే పడతాయి" అన్నాడు డ్రైవరన్న.

"మామూలు రోజుల్లో పద్దెనిమిది. వానకి పక్క ఊళ్ళవి కూడా వచ్చి తలదాచుకున్నాయి. జనం చూస్తే ఇసకేస్తే రాలనంత. ఎవడికీ ఏ బస్సు ఎటో తెలీదు. కాలు విరిగి ఆసుపత్రికి పోవాల్సిన ఇరవైమంది పోలీసు ట్రైనింగ్‌కి పోయే బస్సెక్కేశారు. అక్కడ దిగీ దిగగానే వాళ్ళని వరసలో నిలబెట్టి పరిగెత్తించారట. ట్రైనింగ్‌కి పోవాల్సినవాళ్ళు ఆసుపత్రిలో మంచాలమీద పడుకుని కట్లు కట్టించుకుంటున్నారు. పాపం, వద్దనడానికి వాళ్ళకి ధైర్యం చాల్లేదు."

డ్రైవరన్న గ్లాసు పెదాల దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. "మరి నువ్వేం చేశావు?"

"తిన్నగా కంప్యూటర్ గదికి పోయా. లోపల మెడ లోతు నీళ్ళు. ఈ అమ్మాయి ఉందిగా, పక్కగదిలోనే ఉంది ఆ రోజు. అడుగు."

ఇద్దరూ నావైపు చూశారు.

"నీళ్ళొచ్చాయి" అన్నాను. నిజమే, కిటికీలోంచి జల్లు కొట్టి గచ్చంతా తడిసింది. పాతగుడ్డ పెట్టి నేనే తుడిచాను. బాబాయ్ మాట నేనెప్పుడూ తీసెయ్యను. ఆయన కోతలు కోసేటప్పుడు ఎవరైనా అడ్డం వస్తే, ఆయన మొహం చిన్నపిల్లాడి చేతిలోంచి బిస్కెట్ లాక్కున్నట్టు అయిపోతుంది. అది చూడలేక తలూపడం నాకు అలవాటైపోయింది.

"విన్నావా? టేబులు తేలుతోంది, దాని మీద కంప్యూటర్ తేలుతోంది, కీబోర్డు మాత్రం విడిగా గదంతా తిరుగుతోంది. నేను బోర్లా పడుకుని ఒక చేత్తో ఈదుతూ రెండో చేత్తో కొట్టా."

"షాక్ కొట్టలేదా?"

"కరెంటుకి నేను తెలుసయ్యా. పదహారేళ్ళ పరిచయం. అది నా జోలికి రాదు. సరే, లైను కొట్టి అడిగా. 'పిలుపు' ఎనేబుల్డా, డిసేబుల్డా? కంప్యూటర్ పలకదు. మళ్ళీ అడిగా. పలకదు. దానికీ మొహమాటమే, మేనేజరుకి నచ్చిన గొంతు కదా, చాడీ చెప్పడం ఎందుకులే అనుకుంది. నేను గట్టిగా ఒక చూపు చూశా. అప్పుడు మెల్లిగా, స్క్రీన్ చివర్లో, చిన్న అక్షరాల్లో, డిసేబుల్డ్ అని చూపించింది. నేను ముందే అనుకున్నా. మనిషి ఎలాంటివాడో గొంతూ అలాంటిదే. మా తోడల్లుడు ఆదివారం తొమ్మిదింటికి లేస్తాడు. మా మరదలే చెప్పింది."

"అప్పుడు లేపావా?"

"అక్కడే ఉంది అసలు కథ. ఎనేబుల్ అని కొట్టి ఎంటర్ మీద ఒక్కటిచ్చా. కోపంలో కాస్త గట్టిగా పడింది. ఆ దెబ్బకి 'పిలుపు' ఒక్కటే కాదయ్యా, బిల్డింగ్‌లో ఉన్నవన్నీ లేచాయి. విచారణ కౌంటర్ పైన ఎనిమిదేళ్ళ కిందట ఆగిపోయిన ఫ్యాను తిరిగింది. గేటు దగ్గర తుప్పు పట్టిన బరువు తూచే మిషన్ ఎవరూ ఎక్కకుండానే చీటీలు రాల్చింది. డిపో వెనక మూడేళ్ళుగా కదలని రెండు బస్సులు వాటంతట అవే స్టార్టయ్యాయి."

"ఆ రెండిటికీ ఇంజన్లు తీసేశారు కదా బాబాయ్."

"ఉంటే స్టార్టవడంలో గొప్పేముంది?"

అక్క అందరి గ్లాసుల్లో మరోసారి టీ పోసింది. బాబాయ్ గుక్క తిప్పుకోలేదు.

"అన్నీ లేచాయా, ఆ గొంతు మాత్రం లేవలేదు. మొండిఘటం. ఇక లాభంలేదని బయటికొచ్చి, ఒక బస్సు వెనక నిచ్చెన పట్టుకుని టాపు మీదికెక్కా. మైకు లేదు, ఏమీ లేదు. ఒక్కసారి గొంతు సవరించుకున్నా. ఆ సవరింపుకే వాన ఆగింది."

"ఆగిందా?"

"ఆగి వింది. నేను ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టా. నేను పేరు చెప్పడం ఆలస్యం, డ్రైవర్ లేకుండానే బస్సు ముందుకొచ్చి దాని చోట్లో అది నిలబడుతోంది. జనం కిక్కురుమనకుండా వింటున్నారు. ఏడో నంబరు దగ్గరకొచ్చేసరికి వెక్కిళ్ళు వినపడ్డాయి. చూస్తే కండక్టర్లు. ఒక పెద్దావిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి, తల పైకెత్తి, 'నాయనా, ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడుంది' అంది."

"ఎవరా పెద్దావిడ?"

"ఎవరో. మా అత్తగారిలా ఉంది. మా అత్తగారే అయ్యుండొచ్చు. జనంలో సరిగ్గా కనపడలేదు." ఆ మాట అన్నప్పుడు మాత్రం బాబాయ్ గొంతు తగ్గింది. మళ్ళీ వెంటనే అందుకున్నాడు. "ఆ గొంతు ఎంత దూరం పోయిందంటే, పక్క జిల్లా బస్టాండ్‌లో జనం నా మాట విని ఖాళీగా ఉన్న ప్లాట్‌ఫారాల మీదికి పరిగెత్తి నిలబడ్డారు. పైన పోతున్న విమానం కూడా కిందికి దిగబోయింది."

"విమానమా?"

"దిగనివ్వలేదు. ప్లాట్‌ఫారం ఖాళీ లేదని నేనే పంపించేశా. ఇంకా విను. ఇంటికెళ్ళి పడుకున్నానే గానీ మనసు మనసులో లేదు. ఒక్క గొంతే ఇలా ఉంటే మిగతావాటి సంగతేంటి? తెల్లారకముందే లేచి, మేడ మీదికెళ్ళి, తూర్పుకి తిరిగి కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి అడిగా. సూర్యుడు ఎనేబుల్డా, డిసేబుల్డా? ఏమొచ్చిందో తెలుసా? డిసేబుల్డ్. అంటే ఇన్ని కోట్ల ఏళ్ళుగా రోజూ ఎవరో వెళ్ళి చేత్తో లేపుతున్నారన్నమాట. ఒక్కరోజు వాళ్ళకి జ్వరమొస్తే మన గతేంటి? ఎనేబుల్ చేసి పెట్టా. ఇక మీకు ఆ బెంగ లేదు. నేను ఉన్నా లేకపోయినా తెల్లారుతుంది."

డ్రైవరన్న పొట్ట పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. అప్పుడే రోడ్డు అవతల మైకు గరగరమంది. గొంతుగారి గొంతు, ఎప్పట్లాగే తొందర లేకుండా, మూడో నంబరు బస్సు గురించి రెండుసార్లు చెప్పింది. బెంచీల మీంచి నలుగురు లేచి సంచులు సర్దుకున్నారు. బాబాయ్ అటు చూడలేదు.

అక్క పొయ్యి తగ్గించి మా బల్ల దగ్గరకొచ్చింది. "నీ సూర్యుడి సంగతి నాకు తెలీదు గానీ బాబాయ్, పోయిన నెలలో ఒక రోజు ఇలాగే కరెంటు పోయి వస్తే గొంతు రాలేదు చూడు, ఆ రోజు మా పెద్దక్క బస్సు తప్పిపోయింది."

ఆ సంగతి డ్రైవరన్నకి తెలీదు. అక్క ఆయన కోసం వివరంగా చెప్పింది. వాళ్ళ పెద్దక్కకి చదువు రాదు. బోర్డులు చదవలేదు కాబట్టి ఎప్పుడూ గొంతు వినే బస్సెక్కుతుంది. ఆ రోజు కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోనొస్తే, ఆసుపత్రికి పోయే బస్సు కోసం వచ్చి బెంచీ మీద కూర్చుంది. గొంతు వస్తుంది, పిలుస్తుంది అని కూర్చుంది. బస్సు కళ్ళముందే వచ్చి నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ బస్సు నాలుగు గంటల తర్వాత.

"ఈవిడ పోయేసరికి పాప పుట్టేసింది" అంది అక్క. "తల్లీబిడ్డా బాగానే ఉన్నారు, అది వేరే సంగతి. అమ్మ వస్తుంది, అమ్మ వస్తుంది అని ఆ పిల్ల తలుపువైపు చూస్తూనే ఉందట. మా అక్క ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తుంది."

బాబాయ్ కాసేపు గ్లాసు తిప్పాడు. అక్కడితో ఊరుకుని ఉంటే నేనూ ఊరుకునేదాన్ని.

"నేను చెప్పేదీ అదేగా అక్కా" అన్నాడు. "ఆ పాపం ఎవరిది? ఆ గొంతుది. గొంతిచ్చినవాడికి ఆ మాత్రం బాధ్యత ఉండొద్దూ? కరెంటొచ్చిందే, నా గొంతు లేచిందా లేదా అని వచ్చి చూసుకోవాలా వద్దా? వాడికి పొగిడించుకోవడం కావాలి గానీ, మీ అక్క బస్సెక్కిందా లేదా ఎందుకు? రేపు టీకి వచ్చినప్పుడు నువ్వే నిలదీసి అడుగు. కడిగెయ్. నలుగురూ వినేట్టు అడుగు."

అక్క మొహం మారిపోయింది. "ఆయన తప్పా అది? నేనింకా ఆయన చాలా మంచివాడు అనుకుంటున్నానే. నిన్న కూడా అడక్కుండానే రెండోసారి టీ పోశాను."

"మంచివాడే. చూడ్డానికి" అన్నాడు బాబాయ్.

ఈ సంగతి చెప్పనని నేను ఒకరికి మాటిచ్చి ఉన్నాను. మూడు వారాలుగా నిలబెట్టుకున్నాను కూడా. కానీ రేపు అక్క నలుగురిలో ఆ మనిషిని నిలదీయడం, ఆయన తలొంచుకుని నిలబడటం నా కళ్ళముందు కనపడింది.

"బాబాయ్" అన్నాను. "గురువారం నువ్వొచ్చేసరికే గొంతు మాట్లాడుతోంది."

"ఏంటమ్మాయ్?"

"నీకు ఎవరూ ఫోను చెయ్యలేదు. మేనేజరు గారు నా కౌంటర్ దగ్గరే నిలబడి ఉన్నారు. ఐదింటికి కరెంటొచ్చింది, రెండు నిమిషాల్లో గొంతొచ్చింది. నువ్వు ఐదున్నరకి వచ్చావు, తడిసి ముద్దైపోయి. గది తలుపు దగ్గర నిలబడి స్క్రీన్ వైపు చూశావు. కీబోర్డు ముట్టుకోలేదు. కాసేపు విని వెళ్ళిపోయావు."

అక్క నెమ్మదిగా తలూపింది. "నిజమే. బల్బు వెలిగాక పాలు పొయ్యి మీద పెట్టా. అవి పొంగకముందే గొంతు వినపడింది నాకు."

బాబాయ్ నీళ్ళు నమిలాడు. "అంటే, మేనేజరు లేపి ఉంటారు."

"ఎవరూ లేపలేదు. దానంతటదే లేచింది. మూడు వారాల నుంచి అది ఎనేబుల్డ్."

ఇక సగంలో ఆపడం కుదరదు కాబట్టి మొత్తం చెప్పేశాను. ఆ రోజు బస్సు తప్పిపోయిన పెద్దావిడ ఏడుస్తూ టికెట్ కౌంటర్ దగ్గరకే వచ్చింది. లోపలున్నది గొంతుగారు. ఆయన మాట్లాడగానే ఆవిడ గొంతు గుర్తుపట్టి, "నువ్వు పిలుస్తావని కూర్చున్నాను నాయనా, పిలవలేదేం" అంది. ఆయన ఆ పూట అన్నం తినలేదు. వారం రోజులు తిరిగి తిరిగి, ఆ సిస్టమ్ పెట్టినవాళ్ళ ఫోన్ నంబరు సంపాదించాడు. ఆయనకి కంప్యూటర్ అంతగా రాదు. మధ్యాహ్నం బస్సులు తక్కువున్న వేళ నా దగ్గరకొచ్చి, ఫోన్లో వాళ్ళు చెప్పింది చెప్పినట్టు నా చేత పార్సిల్ చీటీ వెనక రాయించాడు. ఇద్దరం కంప్యూటర్ గదిలోకి వెళ్ళాం. పాస్‌వర్డ్ బాబాయే కాయితం మీద రాసి స్క్రీన్‌కి అంటించి ఉన్నాడు. గొంతుగారు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ లైను కొట్టాడు. డిసేబుల్డ్ అని వచ్చింది. ఇంకో లైను కొట్టి ఎనేబుల్ చేశాడు. అది చాలదట. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే గానీ నమ్మకం లేదని ఫోన్లో వాళ్ళన్నారు. ఆపి, ఆన్ చేసి, ఇద్దరం నిలబడ్డాం. ఏమీ ముట్టుకోలేదు. బయట మైకులో ఆయన గొంతు వినపడింది. ఆయన కుర్చీలో కూలబడి, మొహం తుడుచుకున్నాడు.

"ఇంకొకటి కూడా చూశాం" అన్నాను. "ఆ కంప్యూటర్‌లో ఎవరు ఏ రోజు ఏ లైను కొట్టారో రాసి ఉంటుందట. ఫోన్లో వాళ్ళే చూడమన్నారు. మొదట్లో వాళ్ళు పెట్టినప్పుడు 'పిలుపు' ఎనేబుల్డే. తర్వాత ఎవరో డిసేబుల్ చేశారు."

"ఎప్పుడు?" అన్నాడు డ్రైవరన్న.

"మీటింగ్‌లో గొంతుగారికి మేనేజరు గారు గోడగడియారం బహుమతిగా ఇచ్చారు చూడు. దాని మర్నాడు."

ఎవరి పేరుతో అని డ్రైవరన్న అడగలేదు. పోయినేడు నుంచీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గొంతు రాకపోవడం, అందరూ బాబాయ్‌కి ఫోన్లు చెయ్యడం, నాలుగోసారికి ఆయన తీయడం, వచ్చి ఒక్క లైను కొట్టడం, 'బాబాయ్ లేకపోతే బస్టాండ్ లేదు' అని మేమంతా అనడం, అన్నీ ఆ బల్ల మీద మా మధ్యే ఉన్నాయి. డ్రైవరన్న గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

కోతలు కోసేటప్పుడు బాబాయ్ చేతులు ఒక్కచోట ఉండవు. ఇప్పుడు రెండూ ఒళ్ళో పడున్నాయి.

"నేననుకుంటూనే ఉన్నా" అన్నాడు చివరికి. "గురువారం వచ్చి చూస్తే అది మాట్లాడుతోంది. ఎవరు లేపారా అని ఐదు రోజులుగా నిద్ర లేదు." తర్వాత నావైపు తిరిగాడు. "వాడు చూశాడా? నా పేరు?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"అన్నయ్య ఏదో పరీక్ష కోసం ఆపి ఉంటాడు, మళ్ళీ పెట్టడం మర్చిపోయి ఉంటాడు అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ముఖ్యంగా అత్తయ్యగారికి తెలియకూడదు, అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడు అన్నాడు."

"ఆవిడకి చెప్పలేదా?"

"లేదు."

"మా ఆవిడకి?"

"ఎవరికీ చెప్పలేదు బాబాయ్."

ఆయన రోడ్డు అవతలికి చూశాడు. టికెట్ కౌంటర్ కిటికీ ముందు వరసలో పదిమంది ఉన్నారు. లోపలున్న మనిషి ఇక్కడికి కనపడడు.

"చూశారా" అన్నాడు, ఎవరినో న్యాయం చెప్పమన్నట్టు. "ఇదీ వాడి వరస. గొంతుకి పేరు వాడికే. అత్తగారి దగ్గర పేరు వాడికే. ఆఖరికి తప్పు నేను చేస్తే, అందులో కూడా మంచిపేరు వాడికే పోయింది. కనీసం తిట్టినా బాగుండేది."

అక్క బల్ల మీది ఖాళీ గ్లాసులు వేళ్ళమధ్య ఇరికించుకుని తీసింది. బాబాయ్ గ్లాసు తియ్యలేదు, అందులో టీ ఇంకా సగం ఉంది.

"మంచిపేరు కావాలంటే నువ్వూ తెచ్చుకోవచ్చు" అంది. "మా పెద్దక్క ఆదివారం వస్తోంది. ఆ రోజు గొంతు ఎందుకు రాలేదో నువ్వే చెప్పు ఆవిడకి."

బాబాయ్ తల దించుకున్నాడు.

"ఏ బస్సుకి వస్తుంది?" అన్నాడు.

"నాకేం తెలుసు" అంది అక్క, పొయ్యి దగ్గరకి నడుస్తూ. "వచ్చి బెంచీ మీద కూర్చో. గొంతు చెప్తుంది, విను."